వెనక బ్రేకు ఊరికే అరగదు

మా షెడ్డులో పనికి చేరిన ప్రతివాడూ మొదటి వారంలోనే ఒక ప్రశ్న వేస్తాడు: ఇంజను పని ఎప్పుడు నేర్పుతారు? ఇంజను విప్పేవాడికి మర్యాద ఎక్కువ. చుట్టూ నలుగురు నిలబడి చూస్తారు, బండి యజమాని టీ కూడా తెప్పిస్తాడు. బ్రేకు పని చేసేవాడు బండి కింద పడుకుని నల్లటి దుమ్ము మింగుతుంటే పలకరించే దిక్కుండదు. అయినా వినుకొండలో నేను చేసిన పనిలో సగానికి పైగా బ్రేకుల దగ్గరే గడిచింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఇంజను చెడితే బండి రోడ్డు మీద ఆగుతుంది, అంతే. బ్రేకు చెడితే ఆగదు.

నా పేరు మస్తాన్. మోకాళ్లు వంగమని మొరాయించాక పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు ఇంటికొచ్చి పాత సంగతులు అడుగుతుంటారు. వచ్చిన ప్రతివాడికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు హెడ్డు మెకానిక్కునయ్యాను లాంటివి ఇందులో ఉండవు. అవి నా భార్యకే గుర్తులేవు, మీకెందుకు?

ఇప్పుడు కొన్ని బళ్లకు వెనక చక్రాలకు కూడా డిస్కులు, ప్యాడ్లు వస్తున్నాయి. విప్పడం తేలిక, చూడాల్సినవన్నీ కంటికి కనబడతాయి. నేను చెప్పే రోజులు రెండువేల సంవత్సరానికి కొంచెం అటూ ఇటూ. మా వైపు తిరిగే పికప్పుల్లో చాలావాటికి అప్పట్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. బోర్లించిన గిన్నెలా ఇనుప డ్రమ్ము, దాని లోపల నెలవంకల్లాంటి రెండు షూలు, షూల మీద రివెట్లతో బిగించిన లైనర్లు. పెడల్ తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్మును లోపలినుంచి పట్టుకుంటాయి. లోపల ఏం జరుగుతోందో డ్రమ్ము ఊడదీసేదాకా ఎవడికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు మాత్రం ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు.

సాంబయ్య మేస్త్రి

షెడ్డు సాంబయ్య మేస్త్రిది. ఆయన గురించి అంతా మంచే రాస్తే ఆయన్ను ఎరిగినవాళ్లు నవ్వుతారు. తిట్టడానికి ఆయనకు కారణం అక్కర్లేదు. మధ్యాహ్నం అన్నం తిని టైర్ల మీద ఓ కునుకు తీసేవాడు. ఆ టైములో ఎవడి చేతిలోంచైనా స్పానరు జారి కింద పడిందంటే వాడి వంశం మొత్తాన్ని లేపి కూర్చోబెట్టేవాడు. పని బాగుందని ఆయన నోటితో అనగా నేను వినలేదు. ఏమీ అనకుండా పక్క బండి దగ్గరికి పోతే బాగున్నట్టు లెక్క.

కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. డ్రమ్ము ఊడదీశాక తను చూసేదాకా ఎవ్వరూ గుడ్డ పెట్టి తుడవకూడదు.

"తుడిస్తే ఇంక ఏం చూస్తావురా, నీ మొహం చూస్తావా?" అనేవాడు.

వచ్చి గొంతుక్కూర్చుని లైనరు మీద గోరుతో గీసేవాడు. వాసన చూసేవాడు. డ్రమ్ము లోపలి అంచు మీద వేలు తిప్పేవాడు. ఆ తరవాత నా వంక తిరిగి, "ఎందుకు అరిగింది?" అని అడిగేవాడు. కొత్తలో నేను "పాతబడిందండీ" అన్నాను. ఆ రోజు పడ్డ తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. వెనక బ్రేకు ఊరికే అరగదని, అరిగిందంటే ఏదో ఒకటి దాన్ని అరగదీస్తోందని, ఆ ఏదో ఒకటి పట్టుకోకుండా కొత్త లైనర్లు వేసేవాడు మెకానిక్కు కాదు, సామాన్లు అమ్ముకునే కొట్టువాడని ఆయన అభిప్రాయం. ఇన్నేళ్ల తరవాత నా అభిప్రాయం కూడా అదే.

ఒక్క పక్కే మార్చమని అడిగేవాళ్లు ప్రతి సీజన్లోనూ వస్తారు. "ఎడమది బాగానే ఉందిగా మేస్త్రీ, కుడిది మార్చు చాలు" అంటారు. ఆయన "ఒక్క కాలికే చెప్పు కొనుక్కుంటావా?" అని బండి బయట పెట్టించేవాడు. రెండు పక్కలా పట్టు సమానంగా లేకపోతే తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. ఈ ఒక్క ముక్క సరిగ్గా అర్థమైతే ఈ పనిలో చాలావరకు అర్థమైనట్టే.

మిరప దుమ్ము

పని ఎలా చెయ్యాలో పుస్తకాల్లో ఉంటుంది. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టుకోండి. హ్యాండు బ్రేకు వదిలెయ్యండి. అది లాగి ఉండగానే డ్రమ్మును సుత్తితో బాదీ బాదీ, ఊడి రావట్లేదని ఏడ్చినవాణ్ని నేను చూశాను. డ్రమ్ము బాగా అరిగి ఉంటే అంచున గట్టు కట్టి షూలను రానివ్వదు, అప్పుడు షూలను దగ్గరికి లాగే అడ్జస్టరు వెనక్కి తిప్పాలి. షూలను నెట్టే వీల్ సిలిండరు రబ్బరు ఎత్తి చూడండి, తడి ఉంటే లోపల ఆయిలు కారుతున్నట్టే. ఇవన్నీ ఎక్కడైనా నేర్పుతారు.

మా దగ్గర మాత్రమే నేర్చుకోవాల్సింది మిరప దుమ్ము గురించి. సీజన్లో బళ్లు రాత్రీ పగలూ మిరపకాయలు మోస్తాయి. ఆ దుమ్ము డ్రమ్ముల్లోకి దూరి లైనరు పొడితో కలిసి పేరుకుంటుంది. గుంటూరులో పెద్ద షెడ్డులో చేసి వచ్చిన ఒకతను మా దగ్గర చేరిన రోజే డ్రమ్ము విప్పి, అలవాటు ప్రకారం కంప్రెసరు గొట్టం తీసి బుస్సుమని గాలి కొట్టాడు. షెడ్డులో ఉన్నవాళ్లందరం కళ్లు మూసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాం. పక్కన టీ కొట్టావిడ తుమ్ముతూ గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏరా, నా పాలల్లో కారం కలిపింది ఎవుడ్రా?" అని ఆవిడ అరుస్తుంటే గాలి కొట్టినవాడు మా అందరికంటే ముందు రోడ్డు దాటేశాడు.

అందుకే మేం డ్రమ్ములు నీళ్లతో కడిగేవాళ్లం. ఆ లైనరు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని తరవాత తెలిసింది. మిరపకాయల పుణ్యాన అది కొంత తక్కువ పీల్చామేమో. ఇంకో ఉపకారం కూడా ఉంది. బ్రేకు వదలకుండా పట్టేసి డ్రమ్ము కాలితే లోపలి మిరప దుమ్ము మాడి ఘాటు లేస్తుంది. డ్రైవరు దగ్గుకుంటూ దిగాడంటే వెనక చక్రం ముట్టుకోకుండానే రోగం చెప్పేయొచ్చు.

రత్నం బండి

రత్నం పొదిలి దగ్గర ఒక మెట్ట ఊరివాడు. వానలు లేకపోతే ఆ ఊళ్లలో పని ఉండదు. మిరప కోతలు మొదలవగానే అక్కడి ఆడవాళ్లు ముఠాలు కట్టి మా వైపు కూలికి వస్తారు. రత్నం తన పికప్పులో వాళ్లను తీసుకొచ్చి చేలల్లో దింపేవాడు. ఆ తరవాత బండి ఖాళీగా ఉంచకుండా మిరపకాయలు తొక్కి నింపిన గోతాలు గుంటూరు యార్డుకు తోలేవాడు. ముఠాకి పెద్ద అతని భార్య మరియమ్మ. రైతుల దగ్గర బేరం మాట్లాడేదీ, పని పంచేదీ ఆమే. రత్నం నెమ్మదస్తుడు. ఆదివారం ప్రార్థనకు పోవాల్సిందే, ఆ రోజు ఎవరు పిలిచినా బండి తీయడు. నాకతను ఇష్టం.

అతని బండి వెనక లైనర్లు మాత్రం నాకు నిద్ర పట్టనిచ్చేవి కావు. పత్తి తీతలప్పుడు కొత్తవి వేస్తే మిరప మొదటి కోతకల్లా రివెట్లు తేలి వచ్చేవి. డ్రమ్ములు నీలంగా కమిలిపోయి ఉండేవి. లోడు ఎక్కువేశావా అంటే లేదంటాడు. హ్యాండు బ్రేకు వదలకుండా తోలావా అంటే లేదంటాడు. మేస్త్రి నా వంక చూసి, "ఎందుకు అరిగింది?" అని అడగడం, నేను నీళ్లు నమలడం.

ఒకరోజు పని అయ్యాక బండి నేనే తోలి చూశాను. పెడల్ రాయిలా ఉంది. తొక్కితే వెనక చక్రాలు కీచుమని ఈడ్చుకుంటూ పోయాయి. బ్రేకు పడితే బండి ముందుభాగం కొద్దిగా కిందికి కుంగాలి, ఇది కుంగలేదు. తిరిగొచ్చి కింద దూరాను. ముందు చక్రాలకు పోయే బ్రేకు పైపు జాయింటు మీద స్పానరు గాట్లు కనిపించాయి. విప్పితే లోపల సైకిలు బేరింగు గోళీ ఒకటి కూర్చుని ఉంది. బ్రేకు ఆయిలు ముందు చక్రాలకు పోకుండా ఎవరో అడ్డం పెట్టి బిగించారు. ఆ బండికి ముందు బ్రేకులు లేవు. ఆపే భారమంతా వెనక చక్రాల మీదే పడుతోంది. లైనర్లు అరగక ఏం చేస్తాయి?

ఆ రోజుల్లో ఇది రత్నం ఒక్కడి పిచ్చి కాదు. ముందు బ్రేకు పడితే బండి తిరగబడుతుందని చాలామంది డ్రైవర్లు నమ్మేవాళ్లు. మోటారు సైకిలు ముందు బ్రేకు ముట్టుకోనివాళ్లు ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు. నేను గోళీ అరచేతిలో పెట్టుకుని రత్నాన్ని పిలిచాను.

"ఇదేందయ్యా? జనాన్ని ఎక్కించుకునే బండికి ఇట్టాంటి పనా చేసేది?"

అతను గోళీ వంక చూసి పక్కకు తిరిగాడు. "దాన్ని ఉన్నచోటే పెట్టెయ్యన్నా. వెనకవి చెయ్యి చాలు."

"కారణం చెప్పు."

అతను చెప్పాడు. ఈ బండి సెకండ్ హ్యాండులో కొన్న కొత్తలో పత్తి కుక్కిన పెద్ద బోరేలు వేసుకుని వస్తున్నాడు. బోరేల మీద తమ్ముడు దానియేలు కూర్చున్నాడు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు, ఇంట్లో అందరికీ ముద్దు. దారికి అడ్డంగా దూడ ఒకటి పరిగెత్తుకొచ్చింది. రత్నం గట్టిగా తొక్కాడు. బండి కుడిపక్కకు విసిరికొట్టినట్టు పోయి కాలవలో పడింది. తమ్ముడు బండి కింద పడి చనిపోయాడు. రత్నానికి దెబ్బ కూడా తగల్లేదు.

"దూడ పోతే పోయేది. నేను తొక్కకుండా ఉండాల్సింది" అన్నాడు. "మా అమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదన్నా. నేను తెచ్చింది ముట్టదు. ఒక్క ఇంట్లో ఉండి వేరే పొయ్యి పెట్టుకుని వండుకుంటది. 'వాడు తొక్కబట్టే నా చిన్నోడు పోయాడు' అంటది. నిజమే కదా, ఏమనేది?"

గోళీ దగ్గర మొదలైన మాట తల్లి దగ్గరికి వచ్చేసరికి నేను లేచాను. మేస్త్రి దగ్గరికి పోయి సంగతి చెప్పాను.

"బలవంతాన కలిపితే ఇంకో షెడ్డుకి పోయి మళ్లీ గోళీ పెట్టించుకుంటాడు. మన దగ్గరికి రావడం మానేస్తాడు. అప్పుడు ఆ వెనకవి కూడా చూసేవాడుండడు" అన్నాడాయన. "వాడి చేతే ఒప్పించాలి. తొందరపడమాక."

ఆ మాట నాకు రుచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, కొత్తగా చేరేవాళ్లకు ఇది చెప్పాలి: బండి ఒక్కటే మన చేతికొస్తుంది, నడిపేవాడి భయం రాదు. దాన్ని వేరే తియ్యాలి. ఎట్లా తియ్యాలో మేస్త్రికీ తెలియదు, నాకూ తెలియదు. గోళీ మళ్లీ ఉన్నచోటే బిగించి, ఆడవాళ్లను ఎక్కించుకున్నప్పుడు జోరు చెయ్యనని ఒట్టు వేయించుకుని పంపించాం.

డ్రమ్ము పగిలింది

అదే సీజన్లో, రెండో కోత జోరుగా ఉన్నప్పుడు, రత్నం బండి నత్తలా పాకుకుంటూ షెడ్డుకి వచ్చింది. దాని వెనకే మరియమ్మా, ముఠా ఆడవాళ్లూ నడిచి వచ్చారు, తలలకు గుడ్డలు, చేతుల్లో సద్ది క్యారియర్లు. దారిలో దిగుడు దగ్గర వెనకనుంచి ఘాటు లేచిందట. దగ్గలేక అందరూ బండి ఆపించి దిగారు. రత్నం పక్కన చేలో బోరు దగ్గరికి పోయి బకెట్టుతో నీళ్లు తెచ్చి, కాలిపోతున్న డ్రమ్ము మీద గుమ్మరించాడు. మా వైపు డ్రైవర్లకు ఇదో మహా తెలివి. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుంది? డ్రమ్ము ఈ కొసనుంచి ఆ కొసకు బీట తీసింది.

కొత్త డ్రమ్ము గుంటూరు నుంచి రావాలి, ఆ పూటకు రాదు. ఆడవాళ్లు షెడ్డు పక్కన నీడలో కూర్చున్నారు. మరియమ్మ నా దగ్గరికొచ్చింది.

"అన్నా, నువ్వు బాగా చేస్తావనే కదా నీ కాడికి తెచ్చేది. ఎన్నిసార్లు చేసినా ఎనక బ్రేకులు ఎందుకు పోతన్నాయి?"

నేను రత్నం వంక చూశాను. అతను తల దించుకున్నాడు. ఇంక దాచడం నావల్ల కాలేదు.

"ముందు బ్రేకులు లేవమ్మా. మూసేసి ఉన్నాయి."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏందీ? ఇంతమంది ఆడోళ్లని ముందు బ్రేకుల్లేని బండిలో తిప్పుతున్నావా? నన్ను నమ్మి పిల్లల్ని ఇళ్లకాడ వదిలేసి వచ్చారయ్యా ఈళ్లు!"

"దాంతోనే కదే తమ్ముడు పోయింది" అన్నాడు రత్నం.

ఆమె మెత్తబడుతుందనుకున్నాను. మెత్తబడలేదు. "అదేందో విప్పి చూడమను. చూడకుండా నా ముఠా ఈ బండెక్కదు. నడిచిపోతాం గానీ ఎక్కదు."

రత్నం రోడ్డు దాకా పోయాడు. తిరిగొచ్చి, "చూడటానికైతే చూడండి. కలపబాకండి" అన్నాడు.

ముందు చక్రాలు

కుడి పక్క ముందుగా విప్పాను. తుప్పు పట్టిందిగానీ లైనరు సమంగా, పొడిగా ఉంది. ఎడమ పక్క డ్రమ్ము ఊడబెరకడానికి చాలా కష్టపడ్డాను. ఊడగానే మేస్త్రి ఎక్కడున్నవాడో వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. గుడ్డ తీసుకోబోయినవాడి చేతి మీద ఒక్కటి వేశాడు.

లైనరు నల్లగా పెనంలా మెరుస్తోంది. మేస్త్రి గోరుతో గీస్తే గీత పడలేదు. వాసన చూసి నాకిచ్చాడు. మాడిన గ్రీజు వాసన. చక్రం నడుమ హబ్బు దగ్గర చూస్తే గ్రీజు బయటికి రాకుండా ఆపే సీలు లేదు. అసలు వెయ్యనే లేదు. ఎవరో, ఎక్కడో, బేరింగులు మార్చినప్పుడు దాన్ని మరిచిపోయి బిగించేశారు. గ్రీజంతా లైనరు మీదికి చేరింది.

"నేను బ్రేకులు మూయించాక కారి ఉంటదిలే" అన్నాడు రత్నం.

"కారితే తడిగా ఉండాలి. ఇది మాడింది" అన్నాడు మేస్త్రి. "వాడని బ్రేకు కాలదు. కాలనిదే గ్రీజు ఎట్టా మాడుద్ది? గోళీ పెట్టకముందే, నువ్వు బ్రేకు వాడుతున్న రోజుల్లోనే ఇది ఇట్టా అయింది."

రత్నానికి ఇంకా అర్థం కాలేదు. నేను చక్రం ముందు కూర్చుని చేత్తో చూపించాను.

"ఆ రోజు నువ్వు తొక్కినప్పుడు కుడి చక్రం గట్టిగా పట్టింది. ఎడమది గ్రీజు మీద జారిపోయింది, పట్టలేదు. ఒక్క పక్కే పడితే బండి అటే లాగుద్ది. నువ్వు తొక్కినా, నేను తొక్కినా, ఈయన తొక్కినా కుడిపక్క కాలవలోకే పోయేది. నీ కాలు తప్పు చెయ్యలేదయ్యా."

అతను లైనరు చేతిలోకి తీసుకుని వేలితో రుద్దుతూ నిలబడ్డాడు. మరియమ్మ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మేస్త్రి లేచి అవసరం లేని చోట స్పానర్లు సర్దడం మొదలుపెట్టాడు.

"కలపన్నా" అన్నాడు రత్నం చివరికి.

రెండు పక్కలా కొత్త లైనర్లు, సీళ్లు, సిలిండర్ల రబ్బర్లు అన్నీ వేశాం. గుంటూరు నుంచి వెనక డ్రమ్ము వచ్చాక దానికి జోడీగా రెండోదీ మార్చాం. గోళీ తీసేశాం. పైపుల్లో గాలి లేకుండా ఆయిలు పంపి, నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూశాం. ఆ పని నేను ఎంత శ్రద్ధగా చేశానో ఇంకే బండికీ చెయ్యలేదేమో.

వెనక ఎక్కమన్నాడు

బండి బయటికి తీశాక రత్నం ఒక షరతు పెట్టాడు. "నేను తోల్తా. నువ్వు ఎనక నిలబడు మస్తానన్నా. మా తమ్ముడు ఉన్నచోట."

చేసిన పని మీద నమ్మకం ఉంది. అయినా బండి కింద పడుకునేవాడికీ, బండి మీద నిలబడేవాడికీ నమ్మకంలో తేడా ఉంటుంది. మేస్త్రి నా మొహం చూసి ఆ ఒక్కరోజు నవ్వాడు. "ఏరా, లైనర్లు నువ్వే కదా ఏసింది? ఎక్కు."

లోడు కోసం ఇసుక గోతాలు వేసి ఎక్కాను. మిరపకాయలు ఆరబోసే కళ్లాల పక్కన తిన్నని మట్టిరోడ్డు ఉంది. దారి పొడుగునా రెండు పక్కలా ఎర్రగా పరిచి ఉన్నాయి కాయలు. బండి జోరందుకుంది. నేను రాడ్డు పట్టుకుని బిస్మిల్లా అనుకున్నాను. ఎక్కడ తొక్కుతాడో తెలియదు. ఒక్కసారిగా తొక్కాడు. నేను క్యాబిను మీద పడ్డాను, గోతం వచ్చి నా కాళ్ల మీద పడింది. బండి మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఆగింది. కాయలు ఏరుకుంటున్న ముసలాయన ఒకడు తలెత్తి చూసి మళ్లీ తన పనిలో పడ్డాడు.

నేను దిగి ముందుకు పోయాను. రత్నం స్టీరింగు మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. ఆపమని చెప్పలేదు. పక్క సీట్లో కూర్చుని, దెబ్బ తగిలిన మోచెయ్యి రుద్దుకుంటూ ఉండిపోయాను.

షెడ్డుకొచ్చాక ఆ మాడిన లైనరు కావాలన్నాడు. చెత్తడబ్బాలోంచి తీసి పేపర్లో చుట్టి ఇచ్చాను.

"మా అమ్మకి చూపిస్తా" అన్నాడు.

చూపించినా ఆమెకేం అర్థమవుతుందని నాకు అనుమానమే. లైనరంటే ఏమిటో తెలియని మనిషి. బిడ్డ పోయిన తల్లికి గ్రీజు, సీలు అని చెబితే వింటుందా? ఆ మాట పైకి అనలేదు. రత్నం, మరియమ్మ ముఠాను ఎక్కించుకుని వెళ్లిపోయారు. మిగిలిన కోతలకు రత్నం రాలేదు. మా షెడ్డుకొచ్చే బండి ఒకటి పొదిలి వైపు పోయినప్పుడు అడిగిస్తే, బాగానే తోలుతున్నాడని మాత్రం తెలిసింది.

తరవాతి సీజన్

మళ్లీ పత్తి తీతలు మొదలయ్యాక ఒక పొద్దున రత్నం బండి షెడ్డు ముందు ఆగింది. క్యాబిన్లో అతని పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది, తెల్లచీర, ఒళ్లో గుడ్డసంచి. ఎవరని నేను అడగలేదు. ముక్కూ మొహం రత్నానివే.

నాలుగు డ్రమ్ములూ విప్పాను. వెనక లైనర్లు చెక్కు చెదరలేదు. మేస్త్రి వచ్చి చూసి ఏమీ అనకుండా పక్క బండి దగ్గరికి పోయాడు. నేను చేతులు కడుక్కుంటుంటే ఆమె బండి దిగి మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"నువ్వేనా నాయనా, ఆ ముక్క తీసిచ్చింది?"

"అవునమ్మా."

"వాడు తెచ్చి నా ముందు పెట్టాడు. అదేందో నాకేం తెలుసు? అవతల పారెయ్యమన్నా. పారెయ్యలేదు. రోజూ తెచ్చేవాడు, రోజూ మొదట్నుంచీ చెప్పేవాడు. నాకు అర్థమయిందా లేదా అని మొహంలోకి చూసేవాడు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఒకనాడు ఆ చూపు చూసి, ఇన్నేళ్లూ మాట్లాడకుండా నా బిడ్డల్ని ఇద్దర్నీ పోగొట్టుకున్నానే అనుకున్నా."

నేను కుర్చీ తెచ్చి వేశాను. కూర్చోలేదు. షెడ్డు బయటికి పోయి, చక్రానికి నట్లు బిగిస్తున్న కొడుకు వెనక నిలబడింది. అతను ఆమెను చూడలేదు.

"పెద్దోడా" అంది. "ఆకలేస్తందిరా. నాలుగిడ్లీలు కొనిపెట్టు."

రత్నం చేతిలోని స్పానరు కింద పెట్టి, నట్లు సగం బిగించినవి అలాగే వదిలేసి, టీ కొట్టు వైపు పరిగెత్తాడు. మిగతావి నేను బిగించాను.